పట్టణము విడిచినవారు: కన్యాశుల్కమున ఇద్దరు, పర్లాకిమిడిలో ఒకరు

పల్లె విడిచి పట్టణమునకు బోయినవాని కథలు మన సాహిత్యమున కోకొల్లలుగా నున్నవి. చదువునకు బోయినవాడు, కూలికి బోయినవాడు, వ్యాజ్యములకై కోర్టుల చుట్టు తిరిగి ఆస్తి పోగొట్టుకొన్నవాడు, వీరందరును నవలలలోను నాటకములలోను మనకు సుపరిచితులే. పెద్ద యూరు విడిచి చిన్న యూరికి వచ్చి కాపురము పెట్టినవానిని గూర్చి మాత్రము మన విమర్శకులు తలచుట అరుదు. అట్టివారు లోకమున తక్కువగా లేరు. బదిలీయైన ఉపాధ్యాయుడు, స్టేషనులో క్రొత్తగా చేరిన గుమాస్తా, బ్యాంకు ఉద్యోగి, పెద్ద యూరినుండి కాపురమునకు వచ్చిన క్రొత్త కోడలు, ప్రతి చిన్న యూరను వీరున్నారు. వీరు ఆ యూరిలో ఇముడుట యన నేమి? ఊరు వీరికి లొంగుటయా, వీరు ఊరికి లొంగుటయా, లేక మూడవ మార్గ మేదైన కలదా? ఈ ప్రశ్నకు మన భాషలో చక్కని సమాధానములు గలవని, అవి ఒక గొప్ప నాటకమునందును, ఒక గొప్ప జీవితమునందును దొరకునని చూపుటయే ఈ చిన్న వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి పుట్టినది కాదు. నేను బ్రహ్మపురమున పుట్టి పెరిగి, అచటనే చదువుకొని, ఉద్యోగరీత్యా పర్లాకిమిడి ప్రాంతపు తెలుగు బడికి వచ్చినవాడను. బ్రహ్మపురము మహానగరము కాదు; కాని అచట రాత్రి పది గంటలకు గూడ బజారున వెలుగుండును, నలుగురు సాహితీమిత్రులుందురు, వీధిలో మనల నెరుగనివారు పదిమందికి తొమ్మండ్రుందురు. ఇచటికి వచ్చిన మొదటి యేడాది నాకు కష్టముగా తోచినవి రెండు. ఒకటి, పొద్దు గూకగనే ఊరు మాటు మణిగిపోవుట. రెండవది, నేనేమి కూర కొన్నానో, ఎవరింటికి పోయితినో మరునాటి ఉదయమునకు బడి గుమ్మమువద్ద పిల్లలే నాకు చెప్పుట. ఆ దినములలో సాయంకాలము గడచుటకై కన్యాశుల్కమును మరల చదువ నారంభించితిని. కాలేజీలో నవ్వుకొనుటకు చదివిన గ్రంథము, ఈసారి నన్ను నిలదీసి అడుగునట్లు తోచెను.

కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదటిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెక్కు మార్పులతో రెండవ కూర్పుగా వెలువడెను. నేడు మనము చదువునది ఆ ఏడంకముల రెండవ కూర్పే. ఈ వ్యాసమునకును అదియే ఆధారము. ఈ నాటకమును సాంఘిక దురాచార ఖండనముగా, భాషా విప్లవముగా, హాస్యరస ప్రధానముగా పండితులు పరిశీలించినారు. నేను చూడగోరునది వేరొక చిన్న సంగతి. నాటకము విజయనగరమున ప్రారంభమగును. మొదటి అంకము ముగియునప్పటికి ఇద్దరు ముఖ్యపాత్రలు ఆ పట్టణమును విడుచుచున్నారు. గిరీశము శిష్యుడైన వేంకటేశముతో కృష్ణరాయపురాగ్రహారమునకు పోవును. మధురవాణి రామప్పంతులు వెంట రామచంద్రపురమునకు పోవును. ఒకే పట్టణము, ఒకే కాలము. చిన్న యూళ్ళు మాత్రము రెండు. పట్టణమువారు పల్లెలో ఏమగుదురను పరీక్షను గురజాడ రెండు పాత్రలపై ఒకేసారి జరిపినాడనవచ్చును.

గిరీశము ఊరు విడుచుటకు కారణమేమి? పట్టణమున అప్పులు పెరిగినవి, పూటకూళ్ళమ్మ కోపము పెరిగినది, ముఖము చెల్లుట తగ్గినది. అనగా అతడు అగ్రహారమునకు బోవుట ఆ యూరిపై ప్రీతిచే గాదు, తన యూరు తన్ను తరిమినందున. చిన్న యూరికి వచ్చిన పెక్కుమంది గతి ఇదియే గనుక దీనిని తప్పుపట్టరాదు. నా బదిలీయు నేను కోరి తెచ్చుకొన్నది కాదు. కాని వచ్చిన పిదప అతడేమి చేసెను? అగ్నిహోత్రావధానులకు వ్యాజ్యముల పిచ్చి కలదని కనిపెట్టి, కాగితములు ఇంగ్లీషున వ్రాసిపెట్టుదునని ఆయనను లోబరచుకొనెను. వేంకమ్మకు కొడుకు ఇంగ్లీషు చదువుపై మురిపెము కలదని గ్రహించి, అర్థము గాని ఆ భాషనే ఆమె యెదుట వినిపించెను. బుచ్చమ్మ వైధవ్యదుఃఖమును గుర్తించి, దానిని తన యుపన్యాసమునకు విషయముగా జేసికొనెను.

ఇచట ఒక న్యాయము పాటింపవలెను. గిరీశమునకు ఊరు తెలియలేదని కొందరందురు. అది సరి గాదు. ఎవరికేమి కావలెనో అతనికి అతి శీఘ్రముగా తెలిసినది. తెలియనిది వేరు. కృష్ణరాయపురమున అతడొక్క క్రొత్త మాటయైన నేర్చుకొన్నట్లు గ్రంథమున కనబడదు. విజయనగరమున ఏ ధోరణిలో మాటలాడెనో అగ్రహారమునను అదే ధోరణి. ఎదుట చిన్నవాడైన శిష్యుడున్నను, వితంతువైన యువతి యున్నను, వృద్ధ శ్రోత్రియుడున్నను అతడు చేయునది ఉపన్యాసమే. వినుట అతనికి పని తీరువరకే. బుచ్చమ్మను గూర్చి పలుమార్లు మాటలాడెను గాని, బుచ్చమ్మ మాటను నిలిచి విన్న ఘట్టము వెదకినను దొరకుట కష్టము. అందుచేత అతడు ఊరిలో ఉన్నన్నాళ్ళును ఊరికి అతిథియే; పోవునపుడు ఆ యింటి ఆడబిడ్డను తీసికొని పోయెను. పట్టణమును పెట్టెలో పెట్టుకొని వచ్చినవాడు పెట్టె విప్పకయే మరలిపోయినట్లు.

మధురవాణి దారి వేరు. ఆమెయు రామచంద్రపురమునకు ఇష్టపడి వచ్చినది కాదు. పోషించువాడు మారినందున వచ్చినది. పట్టణపు సరసత, సంగీతము, రసికుల గోష్ఠి విడిచి, రామప్పంతులవంటి వాని నీడకు వచ్చినది. ఫిర్యాదు చేయుటకు గిరీశముకంటె ఆమెకే హెచ్చు కారణములు గలవు. అయినను ఆమె మొదటినుండియు చేసిన పని కనిపెట్టుట. రామప్పంతులు డాబులో నిజమెంతయో, లుబ్ధావధానుల లోభము ఎంతవరకు పోవునో, మీనాక్షి బ్రతుకెట్టిదో, ఊరిలో ఎవరికి ఎవరితో వైరమో, ఇవన్నియు ఆమె విని తెలిసికొనెను. పేకాటకై ఊరివారు ఆమె యింట చేరినపుడు ఆ గదిలో ఊరంతయు ఆమె కండ్లయెదుట పరచినట్లుండును. ఒక్కొక్కరితో వారి వారి తీరున ఆమె మాటలాడును. ఈ మాట మార్పు నటన గాదాయని అడుగవచ్చును. కొంతవరకు నటనయే, ఆమె వృత్తియే ఆమెకు ఆ విద్య నేర్పినది. కాని ఎదుటివాని మాటతీరును పట్టించుకొనక ఎవడును ఇట్టి నటన చేయజాలడు. వినుట దానికి మొదటి మెట్టు.

ఇంకొక ముఖ్యమైన భేదము కలదు. మధురవాణి ఊరిని తెలిసికొన్నది, కాని ఊరి అన్యాయమునకు తల యొగ్గలేదు. పసిపిల్లయైన సుబ్బిని ముసలివానికి అమ్మజూచుట ఆమెకు సహింపలేదు. ఆ పెండ్లి తప్పించుటకై కరటకశాస్త్రి పన్నిన ఉపాయమునకు ఆమె తోడ్పడెను. తన నగను అపాయమున పెట్టుటకు గూడ వెనుదీయలేదు. కడపట విశాఖపట్టణమున సౌజన్యారావు పంతులుయొద్దకు వెళ్ళి చిక్కు విడదీసినదియు ఆమెయే. చిన్న యూరిలో ఇముడుట యన ఊరి వాడుక లన్నింటికి తలయూపుట యని యెంచువారికి ఈ పాత్ర మంచి సమాధానము. ఆమె ముందు విన్నది; పిదప తీర్పు చెప్పినది. గిరీశము ముందే తీర్పు చెప్పి, పిదప తనకు పనికివచ్చినంత మాత్రము విన్నాడు. సంస్కరణ మను మాట ఇద్దరిలో గిరీశము నోటనే హెచ్చుగా వినబడును. సంస్కరణ జరిగినది మాత్రము మధురవాణి చేత. ఈ తారతమ్యమును గురజాడ ఉద్దేశపూర్వకముగా కల్పించెనని నేను నమ్ముచున్నాను.

నాటకమును ఇంతటితో విడిచి, అదే విజయనగరమునుండి బయలుదేరిన మూడవ వ్యక్తిని చూతము. ఈయన పాత్ర గాడు, మనిషి. గురజాడకు విజయనగరమున సహాధ్యాయి. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళ సమీపమున పర్వతాలపేటలో పుట్టి, చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, విజయనగరమున చదివి, 1879లో మెట్రిక్యులేషను ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు. అప్పటికి వారి వయస్సు పదునేడేండ్లు. నౌపడానుండి పర్లాకిమిడికి చిన్నరైలు వచ్చినది 1900లో. అనగా ఆ యువకుడు వచ్చిన ఇరువది యేండ్లకు. కళాశాలయు, ఆస్థాన పండితులును, సంగీత విద్వాంసులును గల విజయనగరమును చూచినవానికి, మహేంద్రతనయ యొడ్డున కొండలనీడ నున్న ఆ చిన్న రాజధాని ఎట్లు తోచియుండునో ఊహింపవచ్చును.

గిడుగువారిని మనము వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా కొలుచుచున్నాము. వారి పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవముగా జరుగుచున్నది. కాని భాషోద్యమము 1906-07 ప్రాంతమున గాని మొదలుకాలేదు. దానికి ముందు ఇరువదియైదేండ్లకు మించి వారు పర్లాకిమిడిలో ఏమి చేయుచుండిరి? మన సభలలో ఈ ప్రశ్న తరచుగా వినబడదు. నాకు మాత్రము అదియే ముఖ్యముగా తోచుచున్నది.

వారు చేసినవి ప్రధానముగా రెండు. చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు గనుక, పుస్తకములోని చరిత్రతో తృప్తి పడక, సమీపముననున్న ముఖలింగ దేవాలయమునకు బోయి అచటి శాసనములను స్వయముగా చదివిరి. కళింగ గాంగుల చరిత్రపై వ్యాసములు వ్రాసిరి. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు ఆ యూరి రాళ్ళను చదువ నేర్చుకొనెనన్నమాట. రెండవది అంతకంటె గొప్పది. బజారునకు, సంతకు కొండలనుండి దిగివచ్చు సవరలను వారు చూచిరి. వారి మాట ఎవరికిని పట్టదు. వర్తకునికి పట్టినను బేరమువరకే. ఆ భాషకు అప్పటికి పనికివచ్చు వ్యాకరణము గాని నిఘంటువు గాని లేదు. తెలుగునకు దానికి కుటుంబ సంబంధమును లేదు. అది ముండా భాషలలోనిది. గిడుగువారు తెలుగును సవరయు తెలిసిన ఒకనిని ఇంటనే ఉంచుకొని ఆ భాష నేర్చిరి. సవర భాషలో పుస్తకములు వ్రాసిరి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పుటకై బడులు పెట్టించిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను ప్రకటింపబడినవి. అనగా ఇరువదేండ్ల ప్రాయమున మొదలుపెట్టిన వినికిడి డెబ్బదియైదేండ్ల ప్రాయమువరకు సాగినది. మన్యమున తిరుగుటచే చలిజ్వరము వచ్చి, దానికి వాడిన క్వినైనా వలన వారికి చెవుడు వచ్చినది. ఒక భాషను వినుటకై చెవులు గోల్పోయిన మనిషిని మరియొకనిని నేనెరుగను.

1906-07 ప్రాంతమున జె. ఏ. యేట్స్ అను పాఠశాలల తనిఖీ అధికారి, బడిలో నేర్పు తెలుగునకును జనులు మాటలాడు తెలుగునకును ఇంత దూరమేల అని అడిగినపుడు గిడుగువారు ఆ ప్రశ్నను గట్టిగా పట్టుకొనిరి. ఆ ప్రశ్న మరి ఎందరో పండితులును వినియేయుందురు. వారికి పట్టనిది వీరికేల పట్టినది? నా ఊహ యిది: కొండభాషకు చెవి యొగ్గి ఇరువదేండ్లు గడపినవాడు గనుక, తన ఇంటి భాషకును చెవి యొగ్గగలిగెను. పెద్ద యూరిలోనే ఉండియుంటే ఈ చెవి వారికి వచ్చియుండెడిదో కాదో చెప్పజాలము. చిన్న యూరు వారి దృష్టిని సంకుచితము చేయలేదు. మరి ఏ పట్టణమును ఈయలేని పని నొకదానిని వారికిచ్చినది.

ఇచట హద్దు మీరకుండుటకై ఒక మాట చెప్పవలెను. గిడుగువారు గ్రంథరచనకు కోరినది శిష్టుల వాడుక భాషను. ప్రతి మండలపు మాండలికమును పాఠ్యపుస్తకమున కెక్కించుడని కాదు. ప్రాచీన కావ్యములను వదలుడనియు వారనలేదు; వానిని వారు చదివినంత శ్రద్ధగా చదివినవారు కొలదిమంది. కావున నేను ముందు చెప్పబోవు మాటలకు వారి సిద్ధాంతమును సాక్ష్యముగా పిలుచుటలేదు; వారి జీవితమును మాత్రమే పిలుచుచున్నాను. వ్యావహారికమునకై పోరాడినవానిని గూర్చి గ్రంథభాషలో వ్రాయుట వింతగా తోచవచ్చును. ఇట్టి సంచికల సంప్రదాయ మది; వారును మన్నింతురని తలచెదను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడెను. పర్లాకిమిడి సంస్థానమున కొంత భాగము, పట్టణముతో గూడ, అందు చేరెను. కొన్ని మైళ్ళ దూరములోనున్న పాతపట్నము మద్రాసు రాజధానియందే నిలిచెను. ఈ విభజనము కూడదని వాదించిన గిడుగువారు, అది జరిగిపోగా, ఏబదియారేండ్లు బ్రతికిన ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు పోయిరి. 1940 జనవరి 22న కన్నుమూసిరి. ఈ నిష్క్రమణమును మన సభలలో త్యాగముగా కీర్తింతుము. నాకు దానిలో బాధయే హెచ్చుగా కనబడును. డెబ్బదిమూడేండ్ల వృద్ధుడు, చెవులు వినబడనివాడు, తాను తెలిసికొన్న ఊరిని విడిచిపోవలసి వచ్చినది. పోలేనివారు ఇచటనే ఉండిరి. వారి సంతతియే నేడు నా బడిలో కూర్చుండు పిల్లలు. వారు ఏ యూరును విడువలేదు, ఏ యూరికిని రాలేదు. వారి యిల్లు కదలలేదు, బావి కదలలేదు. రాష్ట్రము మాత్రము మారినది. క్రొత్త యూరిలో ఇముడవలసిన కష్టము తమ యూరనే వారికి కలిగినది. ఈ సంగతి తెలియక నేనట్టి పిల్లలకు తెలుగు నేర్ప వచ్చితిని.

ఇక నా తప్పు చెప్పుకొనవలసియున్నది. మా పిల్లలలో పలువురికి ఇంట తెలుగు, బజారున ఒడియా, సినిమాలో హిందీ. "మా ఊరు" అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిని. ఏడవ తరగతి బాలుడొకడు తన యూరి గెడ్డలో నీళ్ళెండిపోయిన సంగతి, తాత జంగిడి తోలుకొని పోవు సంగతి, చోడి అంబలి సంగతి వ్రాసెను. నేను ఎఱ్ఱ సిరాతో గెడ్డ కొట్టివేసి వాగు అని, జంగిడి కొట్టివేసి పశువుల మంద అని, చోళ్ళు కొట్టివేసి రాగులు అని దిద్దితిని. ఆ పుటలో అతని అక్షరములకంటె నా సిరాయే హెచ్చుగా నుండెను. తరువాతి మాసమునుండి ఆ బాలుడు గైడులోని వ్యాసమును కంఠస్థము చేసి తప్పులేక వ్రాయసాగెను. తరగతిలో నోరు విప్పుట మానెను. అభివృద్ధి యని నేను సంతోషించితిని.

ఒకనాడు అతని నాయనమ్మ బడికి వచ్చినది. అరుగుపై కూర్చుండి, కొంగుతో ముఖము తుడుచుకొని, "మేస్టారు బావూ! మా గుంటడు ఇంటికాడ ఊరకుండడు, ఊసులాడతానే ఉంటాడు. బడికాడ నోరిప్పడంట కదా. ఏటయినాది ఆడికి?" అని యడిగెను. "ఏమీ కాలేదమ్మా, మాటల్లో తప్పులుంటే దిద్దుతున్నాను, అంతే" నంటిని. ఆమె కొంతసేపు నా వంక చూచెను. "తప్పులేటి బావూ? ఆడాడేది నా మాటే గదా. నా కాడే నేర్సినాడు. మరి నాదీ తప్పేనా?"

నాకు సమాధానము తోచలేదు. ఆ రాత్రి గిరీశము జ్ఞాపకమునకు వచ్చెను. నేనును పెట్టె విప్పకయే ఊరిలో తిరుగుచుంటినని తెలిసెను. వెంటనే మరియొక సంగతి జ్ఞాపకమునకు వచ్చి సిగ్గు పెరిగెను. కొన్నేండ్ల క్రిందట ఆంధ్రదేశమున ఒక సభకు బోయినపుడు, ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి నా మాట విని, "మీది ఒడిస్సా కదూ? అయినా తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అని మెచ్చుకొనెను. ఆ మెప్పు నన్ను వారము దినములు బాధించినది. నాకు జరిగిన దానినే నేను ఎఱ్ఱ సిరాతో ఆ బాలునికి జరిపితిని. బ్రహ్మపురపు తెలుగును ఆయన ఎట్లు చూచెనో, గెడ్డ యొడ్డు తెలుగును నేనట్లే చూచితిని.

అప్పటినుండి మా తరగతిలో ఒక చిన్న మార్పు చేసితిని. ప్రతివాడును నోటుపుస్తకమున పుటను నిలువుగా రెండు భాగములు చేయును. ఎడమ ప్రక్క ఇంటి మాట, కుడి ప్రక్క పుస్తకపు మాట. గెడ్డ ప్రక్కన వాగు. చోళ్ళ ప్రక్కన రాగులు. గంటెల ప్రక్కన సజ్జలు. మదుము ప్రక్కన తూము. కంబారి ప్రక్కన పాలేరు. ఎడమ ప్రక్కమాటను ఎవరును కొట్టివేయరాదు. ఇంటికి బోయి పెద్దలనడిగి వారమునకు పది మాటలు తేవలెను. మొదటి వారము ఎవరును తేలేదు, నవ్వుదునేమోయని భయపడిరి. రెండవ వారము ఆ బాలుడే మొదట లేచెను. నేను కుడి ప్రక్కన వాగు అని వ్రాయించుచుండగా, "మా ఊర్లో వాగు లేదు మేస్టారూ, గెడ్డే ఉంది" అనెను. తరగతి నవ్వినది, నేనును నవ్వితిని. చాలకాలమునకు వాని నోట విన్న మొదటి పూర్తి వాక్యమది.

దీనికి ఆక్షేపణ రాకపోదు. పరీక్షలో గెడ్డ యని వ్రాసిన మార్కులు వచ్చునా? ఇంటి మాటలే చాలునన్న బడి యెందులకు? అని తోటి ఉపాధ్యాయులే నన్నడిగిరి. ఇది ఉచితమైన ప్రశ్నయే. పుస్తకపు తెలుగు మన పిల్లలకు అత్యవసరము. అది లేనిచో పోతన యుండడు, గురజాడ యుండడు. హోసూరువాడు వ్రాసినది పర్లాకిమిడివాడు చదువలేడు. నేను కుడి ప్రక్క పుటను చింపుమనుటలేదు. ఎడమ ప్రక్క పుటను చింపిన పిల్లవానికి కుడి ప్రక్కది నిలువదని మాత్రము అనుభవముచే చెప్పుచున్నాను. ఇంటి తెలుగు తప్పని తెలిసికొన్న బాలుడు పుస్తకపు తెలుగునకు పోడు. బజారున ఎవరును దిద్దని ఒడియాకు, హిందీకి పోవును. అందు వాని తప్పేమియు లేదు. ఆ భాషల తప్పును లేదు.

మన బడులలో పిల్లలు తగ్గుచున్నారని, పుస్తకములు వేళకు రావని, ఖాళీలు నింపుట లేదని మనము ప్రతి సభలోను వాపోవుచున్నాము. అవి నిజములే, వానికై పోరాడవలసినదే. కాని వానితోపాటు, బయటినుండి వచ్చిన మేమే, పెద్ద యూళ్ళ తెలుగును మూటగట్టుకొని వచ్చిన ఉపాధ్యాయులమే, ఎందరు పిల్లల నోళ్ళు మూయించితిమో లెక్క చూచుకొనుట మంచిది. ఆ లెక్క ఏ కార్యాలయమునకును వినతిపత్రము పంపకుండ మనమే చూచుకొనదగినది.

ఈ సంచికను చదువు సోదరులలో కొందరు హోసూరు పల్లెలవారు, కొందరు షోలాపురపు నేతవారి యిండ్లవారు, కొందరు బళ్ళారివారు, యానాముवారు. మీ మీ యూళ్ళకును బదిలీపై మావంటి మేష్టర్లు వత్తురు. వారికి మొదటి సంవత్సరము పొద్దు పోదు. అపుడు వారికొక పని చెప్పుడు: ఒక నోటుపుస్తకమిచ్చి, ముసలమ్మల యరుగులపై కూర్చుండబెట్టుడు. మగ్గపు మాటలు, పొలపు మాటలు, వంటింటి మాటలు వ్రాసికొమ్మనుడు. మా బడిలో అట్టి పుస్తకములు ఇప్పటికి పదునాలుగైనవి. అందొకదానిలో మొదటి మాట ఆ నాయనమ్మ చెప్పినదే. చదువురాని ఆమె, తన మాట అచ్చుపుస్తకమున నుండునా యని యడిగినది. ఉండునని చెప్పితిని. ఈ వ్యాసముతో ఆ మాట కొంతవరకు చెల్లినది.